ఎల్బీ నగర్ టు రాయదుర్గం: రోజూ మెట్రోలో కరిగిపోయే మూడు గంటలతో గ్రూప్-2 చదువు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఇల్లు ఎల్బీ నగర్‌లో, ఉద్యోగం రాయదుర్గం దగ్గర, పోనూ రానూ రోజుకు దాదాపు మూడు గంటలు ప్రయాణంలోనే పోతున్నాయి. టీజీపీఎస్సీ గ్రూప్-2 రాయాలనుంది. బ్యాగులో పుస్తకం పెట్టుకునే బయల్దేరతారు, మలక్‌పేట దాటేసరికి చేతిలో రీల్స్ ఉంటాయి. ఆ టైమును చదువుకు మళ్లించడం ఎలా?

ఒక మాట ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది. ప్రయాణంలో కొత్త పాఠం చదవకండి. ఇంట్లో కూర్చుని చదివినదాన్ని గుర్తు తెచ్చుకోవడానికే ఆ టైము వాడండి. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. రైల్లో కొత్త చాప్టర్ పెట్టుకుంటారు, రివిజన్ ఇంటికొచ్చాక అనుకుంటారు. రైల్లో చదివింది సగం కూడా ఎక్కదు. ఇంటికొచ్చాక రివిజన్‌కు ఓపిక ఉండదు. నెల తిరిగేసరికి "జాబ్ చేస్తూ చదవడం మనవల్ల కాదు" అనే నిర్ణయానికి వచ్చేస్తారు.

కొత్త విషయం అర్థం కావాలంటే ఒక పేరాలో చదివింది మనసులో నిలుపుకుని తర్వాతి పేరాతో ముడి వేయాలి. మెట్రోలో రెండు నిమిషాలకోసారి స్టేషన్ ప్రకటన వస్తుంది, దిగేవాళ్లకు దారివ్వాలి, పక్కాయన ఫోన్లో ఇంటి గొడవ వినబడుతుంటుంది. పని మారిన ప్రతిసారీ మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఆగిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధన చూపించింది. పేరా మధ్యలో నాలుగుసార్లు తల ఎత్తితే మీరు చదివేది పేరా కాదు, దాని మొదటి వాక్యం నాలుగుసార్లు. గుర్తు తెచ్చుకోవడానికి ఈ ఇబ్బంది లేదు. ఒక ప్రశ్న, ఒక జవాబు, ఎనిమిది పది సెకన్లు. మధ్యలో ఎవరు తోసినా పోయేది ఆ ఒక్క ప్రశ్నే.

పైగా గుర్తు తెచ్చుకోవడమే అసలు చదువు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకే పాఠాన్ని కొందరు విద్యార్థులు రెండుసార్లు చదివారు, మరికొందరు ఒకసారి చదివి రెండోసారి పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంటే, గుర్తు చేసుకుని రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. మళ్లీ మళ్లీ చదువుతుంటే "వచ్చేసింది" అనిపిస్తుంది కాబట్టే రివిజన్ పేరుతో పేజీలు తిరగేస్తాం. ఆ అనిపించడం ఐదు నిమిషాల పరీక్షకే పనికొస్తుంది.

ఇక మీ దారి సంగతి. మీరు మూడు గంటలు అంటున్నారు గానీ, చదువుకు పనికొచ్చేది అందులో సగం కూడా ఉండదు. ముందు ఒక వారం పాటు ఏమీ మార్చకుండా కాగితం మీద రాసుకోండి. ఎక్కడున్నారు, ఎన్ని నిమిషాలు, కూర్చున్నారా నిలబడ్డారా, చెయ్యి ఖాళీగా ఉందా, బుర్ర ఏ స్థితిలో ఉంది. ఈ చివరి గడి చాలామంది రాయరు, కానీ అదే ముఖ్యం. ఐదు నిమిషాల లోపు ముక్కల్ని లెక్కలోకి తీసుకోకండి. లిఫ్టు దగ్గరా, బిల్లు కౌంటర్ దగ్గరా చదవాలని చూసేవాళ్లకు చదువు అబ్బకపోగా చిరాకు మిగులుతుంది.

మీ రూట్లో ఈ లెక్క దాదాపు ఇలా వస్తుంది. ఎల్బీ నగర్ రెడ్ లైన్‌కు ఒక చివర. ఉదయం అక్కడ ఎక్కేవాళ్లకు సీటు దొరుకుతుంది, ఒక రైలు వదిలేస్తే తప్పకుండా దొరుకుతుంది. అమీర్‌పేట దాకా సుమారు 35 నిమిషాలు. రోజు మొత్తం మీద మీకున్న మంచి ముక్క ఇదే: కూర్చుని ఉంటారు, చెయ్యి ఖాళీ, బుర్ర తాజాగా ఉంటుంది. అమీర్‌పేటలో లైన్ మారి బ్లూ లైన్ ఎక్కాక రాయదుర్గం దాకా ఇంకో 20 నిమిషాలు. ఆఫీసు వేళల్లో అక్కడ సీటు ఆశ పెట్టుకోకండి, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకోవాలి. అది చెవులకే పనికొచ్చే ముక్క. సాయంత్రం ఇదే తిరగబడుతుంది. రాయదుర్గం కూడా చివరి స్టేషనే కాబట్టి అక్కడ సీటు దొరుకుతుంది, అమీర్‌పేటలో మారాక మళ్లీ నిలబడాలి. అయితే సాయంత్రం సీటు దొరికినా బుర్ర ఉదయంలా ఉండదు. కాబట్టి ఒకే పనిని రెండు పూటలా పెట్టుకోకండి.

ఉదయం కూర్చున్న ఆ 35 నిమిషాలకు ప్రశ్న-జవాబు కార్డులు. ఏంకీ అనే యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌లో ఏంకీడ్రాయిడ్ పేరుతో ఉచితంగా దొరుకుతుంది, నెట్ లేకున్నా పని చేస్తుంది. ఐఫోన్ యాప్‌కు ఒకసారి డబ్బు కట్టాలి. కట్టడం ఇష్టం లేకపోతే ఏంకీవెబ్ సైట్‌ను బ్రౌజర్లో ఉచితంగా వాడొచ్చు గానీ నెట్ కావాలి. ఈ యాప్ చేసేది చిన్న పనే. ఒక ప్రశ్న చూపిస్తుంది. జవాబు మనసులో అనుకుని తిప్పి చూస్తారు. వచ్చిందో రాలేదో నొక్కుతారు. వచ్చినదాన్ని కొన్ని రోజుల తర్వాత, మళ్లీ వస్తే వారాల తర్వాత, ఆపైన నెలల తర్వాత అడుగుతుంది. రానిదాన్ని వెంటనే మళ్లీ అడుగుతుంది. చదివింది మొదటి రోజుల్లో వేగంగా, ఆపైన నెమ్మదిగా మరుపున పడుతుందని ఎబ్బింగ్‌హాస్ 1885లోనే కొలిచి చెప్పాడు. మరుపు దగ్గరపడే వేళకు ప్రశ్న ఎదురయ్యేలా చేయడమే దీని కిటుకు.

యాప్ కంటే కార్డు రాయడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. పేపర్-4, అంటే తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం నుంచి ఉదాహరణ తీసుకుందాం. "ఆరు సూత్రాల పథకం గురించి తెలుపుము" అని ఒక కార్డు రాసి వెనక పదిహేను లైన్ల జవాబు పెడతారు. అది కార్డు కాదు, నోట్సు. దాన్ని చూసినప్పుడల్లా సగం గుర్తొస్తుంది, వచ్చిందని నొక్కాలో రాలేదని నొక్కాలో తెలియదు, నాలుగో రోజుకు ఆ కార్డు కనిపిస్తేనే విసుగు. ఆ ఒక్కదాన్ని ఇలా విడగొట్టాలి:

ఆరు సూత్రాల పథకం ప్రకటించిన తేదీ? (1973 సెప్టెంబర్ 21)
దాని అమలు కోసం జరిగిన రాజ్యాంగ సవరణ? (32వది)
ఆ సవరణతో చేరిన, ఉద్యోగాలకు సంబంధించిన అధికరణం? (371-డి)
ఆ అధికరణం కింద రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చిన ఏడాది? (1975)
ఆ ఉత్తర్వుల ఉల్లంఘనలను సరిదిద్దడానికి 1985 డిసెంబర్ 30న వచ్చిన జీవో? (610)
జీవో 610 అమలు తీరును పరిశీలించడానికి 2001లో వేసిన ఏకసభ్య కమిషన్? (గిర్‌గ్లానీ)

ఆరు కార్డులు, ఒక్కోదానికి ఒకే జవాబు. కానీ ఇక్కడితో ఆపితే ఇంకో చిక్కు వస్తుంది. విడివిడిగా అన్నీ వస్తాయి, పరీక్షలో "కింది వాటిని కాలక్రమంలో అమర్చండి" అనగానే తడబడతారు. అందుకని ఇలాంటి ప్రతి గుంపుకూ ఒక గొలుసు కార్డు కలపండి: "ఆరు సూత్రాల పథకం నుంచి గిర్‌గ్లానీ దాకా మెట్లు వరుసగా చెప్పు." ఇది పది సెకన్లలో తెమలదు, ముప్పై పడుతుంది. పదింటికి ఒకటి చొప్పున ఉంటే పర్వాలేదు.

రెండో చిక్కు, ఒకదాన్ని పోలిన ఒకటి. 1969నే తీసుకోండి. కుమార్ లలిత్ కమిటీ, భార్గవ కమిటీ, వాంఛూ కమిటీ, మూడూ ఆ ఏడాదివే. "తెలంగాణ మిగులు నిధులు తేల్చిన కమిటీ ఏది" అని కార్డు రాస్తే లలిత్ అంటారు, కార్డు వెనక భార్గవ ఉంటుంది, ఎందుకంటే ఇద్దరూ మిగులు నిధులే చూశారు. తప్పు మీ జ్ఞాపకానిది కాదు, ప్రశ్నది. తేడాను ప్రశ్నలోనే పెట్టాలి: "1969 జనవరిలో మొదట మిగులు లెక్క తేల్చమన్నది ఎవరిని? అష్టసూత్ర పథకం తర్వాత అదే లెక్క మళ్లీ చూసింది ఎవరు? ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలన్న) రక్షణలకు రాజ్యాంగపరంగా వీలుందా అని చూసింది ఎవరు?" ఒక కార్డు పదే పదే తప్పుతోందంటే పది సార్లలో ఎనిమిది సార్లు కారణం ఇలాంటి కవలే. ఏంకీ కూడా ఒక కార్డు ఎనిమిదిసార్లు మరిచిపోతే దానికి "లీచ్" అని గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తు కనిపిస్తే పట్టుదలగా బట్టీ పట్టకండి. ఆదివారం కూర్చుని దాన్ని తిరగరాయండి, కుదరకపోతే తీసేయండి. మొత్తం 600 మార్కుల పరీక్షలో ఒక్క వాస్తవం పోతే కొంప మునగదు.

ఇంకోటి, ఎవరో తయారు చేసి టెలిగ్రామ్‌లో పెట్టిన పదివేల కార్డుల ఫైలు దింపుకోవద్దు. అర్థం కాకుండా బట్టీ పట్టిన కార్డు మూడు వారాలు బతుకుతుంది. చాప్టర్ చదివి మీరే రాసిన కార్డు అయితే రాసేటప్పుడే సగం ఎక్కుతుంది.

లెక్కలు చెప్తాను, ఎందుకంటే ఉత్సాహంతో మొదలుపెట్టినవాళ్లు మూడో వారంలో మునిగేది ఇక్కడే. ఏంకీ మొదట్లోనే రోజుకు 20 కొత్త కార్డులు అని పెట్టి ఉంటుంది. ఇరవైయేగా అనిపిస్తుంది. కానీ కొత్త కార్డు ఒక రోజుతో పోదు, తిరిగి తిరిగి వస్తుంది. కుదురుకున్నాక రోజూ వచ్చే పాత కార్డులు, కొత్తవాటికి ఏడు నుంచి పది రెట్లు ఉంటాయి. అంటే 20 కొత్తవి పెడితే రోజుకు 140 నుంచి 200 పాతవి. కార్డుకు పది సెకన్లు వేసుకున్నా పాతవాటికే 23 నుంచి 33 నిమిషాలు పోతాయి, కొత్తవాటికి పెద్దగా చోటుండదు. మీ 35 నిమిషాలకు 15 కొత్తవి సరిపోతాయి. మొదటి రెండు వారాలు పదితోనే ఉండండి, ఖాళీగా ఉన్నా సరే. వారానికి ఆరు రోజులు 15 చొప్పున నెలకు 350 పైచిలుకు, ఆరు నెలలకు రెండు వేలు దాటుతాయి. పేపర్-4కూ, పాలిటీ అధికరణాలకూ, చరిత్ర తేదీలకూ అది చాలు.

సెట్టింగుల్లో మూడు విషయాలు చూసుకోండి, మిగతావి ముట్టుకోకండి. ఒకటి, ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే మీట వేసి పెట్టండి. 2023లో ఏంకీలోకి వచ్చిన లెక్కింపు పద్ధతి అది. అంతకుముందున్నది 1980ల నాటి ఎస్‌ఎం-2 అనే పద్ధతి నుంచి వచ్చినది, దానితో పోలిస్తే కొత్తది అవే కార్డుల్ని తక్కువసార్లు అడిగి అంతే గుర్తుంచుతుంది. గుర్తుండాల్సిన శాతం 90 అని ఉంటుంది, అలాగే ఉంచండి. 97కి పెంచితే చదువు పెరగదు, కార్డుల వరదే పెరుగుతుంది. రెండు, బటన్లు. ఎగైన్, హార్డ్, గుడ్, ఈజీ అని నాలుగుంటాయి. హార్డ్ అంటే "కష్టపడ్డా గానీ వచ్చింది" అని. రాని కార్డుకు మొహమాటంగా హార్డ్ నొక్కేవాళ్లు చాలామంది. దాంతో వచ్చేసిందనుకుని యాప్ గడువు పెంచుతుంది, లెక్కంతా చెడుతుంది. రాలేదంటే ఎగైన్, వచ్చిందంటే గుడ్, ఈ రెండే వాడినా ఏ నష్టమూ లేదు. మూడు, రోజు ఎప్పుడు మారాలన్నది. తెల్లవారుజాము 4 గంటలకు అని ఉంటుంది. నైట్ షిఫ్టు ఉన్నవాళ్లు దీన్ని తమ నిద్ర వేళకు మార్చుకోవాలి, లేకపోతే షిఫ్టు మధ్యలో రేపటి కార్డులు వచ్చి పడతాయి.

కార్డుల్ని ఫోన్లో ఒక్కొక్కటీ టైపు చేయడం నరకం. గూగుల్ షీట్లో రెండు కాలమ్‌లు పెట్టుకోండి, ఎడమ ప్రశ్న, కుడి జవాబు. జీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి మాట్లాడుతూ నింపండి, తేదీలు మాత్రం ఒకసారి కళ్లతో సరిచూసుకోండి, అంకెల్ని అది అప్పుడప్పుడు అక్షరాల్లో రాస్తుంది. అయ్యాక సీఎస్వీగా దింపి ఏంకీలోకి ఇంపోర్ట్ చేయండి. ఎక్సెల్‌లో చేసేవాళ్లు సేవ్ చేసేటప్పుడు "సీఎస్వీ యూటీఎఫ్-8" అన్నదే ఎంచుకోవాలి. మామూలు సీఎస్వీ ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. చాలామంది యాప్ చెడిపోయిందనుకుని అక్కడే వదిలేస్తారు.

ఫోన్ చేతిలో ఉంటే రీల్స్‌లోకి పోకుండా ఉండలేననుకుంటే అసలు ఫోన్ వద్దు. లాంగ్ నోట్‌బుక్ పేజీని నిలువుగా మడిచి ఎడమవైపు ప్రశ్నలు, కుడివైపు జవాబులు రాసుకోండి. మడత పెట్టి ఎడమవైపు చూస్తూ పోవడం, తప్పినదానికి పెన్సిల్‌తో చుక్క పెట్టడం. రెండు చుక్కలున్న ప్రశ్నలు మరుసటి ఆదివారం కొత్త పేజీకి ఎక్కుతాయి, చుక్క లేనివి అక్కడే ఉండిపోతాయి. ఏంకీ చేసేది ఇదే, కాకపోతే గడువులు అది లెక్కగడుతుంది, ఇక్కడ మీరు గడతారు. ఐదారు వందల ప్రశ్నల దాకా ఈ కాగితమే సరిపోతుంది.

అమీర్‌పేట నుంచి నిలబడి వెళ్లే 20 నిమిషాలకు ఆడియో. ఇక్కడ యూట్యూబ్ క్లాసు పెట్టకండి, మళ్లీ కొత్త పాఠం దగ్గరికే వస్తాం. పైగా బోర్డు కనిపించని క్లాసు వినడం వృథా. మీ గొంతుతోనే రికార్డు చేసుకోండి. ప్రశ్న చదవండి, నాలుగు సెకన్లు ఆగండి, జవాబు చెప్పండి. ఆ నాలుగు సెకన్ల నిశ్శబ్దమే ఇందులో అసలు భాగం. అది లేకపోతే మీరు వింటారే తప్ప గుర్తు తెచ్చుకోరు. ప్రశ్నకు మొత్తం పన్నెండు సెకన్లు పడుతుంది, 40 ప్రశ్నలకు ఎనిమిది నిమిషాలు. అలాంటి ఫైళ్లు రెండు ఒక పూటకు చాలు. ఏంకీలో యంత్రం గొంతుతో చదివించే వీలూ ఉంది గానీ అధికరణాల సంఖ్యలూ పొడి అక్షరాలూ అది చదివే తీరు వింటే నవ్వొస్తుంది, పరధ్యానం పెరుగుతుంది.

శబ్దం సంగతి కూడా చెప్పాలి. రైలు హోరును మించి వినాలని ఫోన్ సౌండ్ నిండా పెట్టేస్తారు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు హద్దు అనుకుంటే, ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ హద్దు సగమవుతుంది. 100 దగ్గర అది పదిహేను నిమిషాలే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ఇది. చెవిలో బిగుతుగా కూర్చునే రబ్బరు మొనల ఇయర్‌ఫోన్ వాడితే బయటి హోరు తగ్గి సౌండ్ సగం దగ్గరే సరిపోతుంది. అయితే ప్లాట్‌ఫామ్ మీదా, రోడ్డు దాటేటప్పుడూ ఒక చెవిది తీసేయాలి.

స్టేషన్ నుంచి ఆఫీసుకు నడిచే పదీ పదిహేను నిమిషాల్లో చెవిలో ఏదీ పెట్టకండి. ఆ పూట చూసిన కార్డుల్లో ఒక అంశం తీసుకుని ఎవరికో చెబుతున్నట్టు మనసులోనే చెప్పుకోండి: ముల్కీ నిబంధనలు 1919లో ఎందుకొచ్చాయి, 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందంలో వాటికి ఏ హామీ ఇచ్చారు, 1969కి ఎందుకు బెడిసికొట్టింది. ఎక్కడ ఆగిపోతారో అక్కడ ఒక్క మాట ఫోన్లో నోట్ చేసుకోండి. ఆదివారం ఏం చదవాలో ఆ జాబితాయే చెబుతుంది. కార్డులు ముక్కల్ని ఇస్తాయి, ముక్కల మధ్య కారణాన్ని ఈ నడకే అతికిస్తుంది.

ఇక రీల్స్. సంకల్పబలం మీద ఆధారపడితే ఓడిపోతారు, ఎందుకంటే అవతల ఆ యాప్ తయారీదార్లు మీ వేలు ఎక్కడ ఆగుతుందో లెక్కగట్టి కూర్చున్నారు. చేయాల్సింది, రైల్లో నిర్ణయం తీసుకోవాల్సిన అవసరమే లేకుండా చేయడం. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముందే కట్టుకున్న షరతు, ఊరికే "చదువుతాను" అనుకోవడం కంటే బాగా పనిచేస్తుందని చూపించాడు. మీ షరతు ఇలా ఉండాలి: ఎల్బీ నగర్‌లో రైలు తలుపులు మూసుకోగానే ఏంకీ తెరుస్తాను. "సీటు దొరకగానే", "కుదిరినప్పుడు" లాంటివి పనికిరావు, వాటికి సరైన క్షణం అంటూ ఉండదు.

దానికి తోడు ఫోన్ కూడా సర్దాలి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఫోకస్ మోడ్ ఉంటుంది. మీ రైలు టైము, అంటే ఉదయం 8 నుంచి 9.30 దాకా, ఇన్‌స్టా, యూట్యూబ్, వాట్సాప్‌లను అందులో పెట్టేస్తే ఆ వేళకు తమంతట తామే మూగబోతాయి. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్‌లోని డౌన్‌టైమ్‌తో అదే పని అవుతుంది. వాట్సాప్‌ను ఆపకపోతే మిగతావి ఆపి లాభం లేదు. ఎక్కువమంది జారేది వాట్సాప్‌లో వచ్చిన లింకు మీదుగానే. ఇంట్లోవాళ్లకు అవసరమైతే ఫోన్ చేస్తారు.

సాయంత్రం రాయదుర్గం నుంచి అమీర్‌పేట దాకా సీట్లో ఉన్నప్పుడు ఉదయం తప్పిన కార్డులు, మిగిలిపోయిన పాతవి ఉంటే అవి, అంతే. కొత్తవి వద్దు. అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా ఏమీ పెట్టుకోకండి. పాటలు వినండి, కిటికీలోంచి చూడండి, నిలబడే కునుకు తీయండి. బద్ధకానికి రాయితీ ఇవ్వడం లేదు. ఇంటికెళ్లాక మీకు ఒక గంట బల్ల దగ్గర కూర్చునే పని ఉంది, కొత్త పాఠం చదివేది అప్పుడే. ఆ గంటకు బుర్ర మిగలాలి. మూడు గంటలూ నింపేస్తానని మొదలుపెట్టినవాళ్లు ముందు ఆ రాత్రి గంటను పోగొట్టుకుంటారు, తర్వాత మొత్తం మానేస్తారు.

అన్నట్టు, చాలామంది "వృథా సమయం" ఖాతాలో రాత్రి 11 నుంచి 12 దాకా ఫోన్ చూసే గంటనూ వేస్తారు. ఆ గంట చదువుకు మార్చాల్సింది కాదు, నిద్రకు మార్చాల్సింది. పగలు చదివింది జ్ఞాపకంలో స్థిరపడేది నిద్రలోనే. పిల్లలతో ఉన్న సేపునూ, అన్నం తినే సేపునూ వృథా కింద రాసుకోకండి. వంటింటి పని మాత్రం లెక్కలోకి తీసుకోవచ్చు. కూరగాయలు తరుగుతూ రికార్డు చేసిన ప్రశ్నలు వినడం బాగానే కుదురుతుంది, కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టాల్సిన వేళ తప్ప.

అరిథ్మెటిక్, రీజనింగ్ లెక్కలు ప్రయాణంలో పెట్టుకోవద్దు, వాటికి కాగితం, వరుస ఆలోచన కావాలి. అయితే వాటి ముడిసరుకు కార్డుల్లో బాగా కుదురుతుంది: 30 దాకా వర్గాలు, 15 దాకా ఘనాలు, భిన్నాలకు శాతాలు (1/7 అంటే 14.28, 1/8 అంటే 12.5, 1/11 అంటే 9.09). పరీక్ష హాల్లో ఒక్కో లెక్కకు ఇరవై సెకన్లు మిగిలేది వీటి వల్లే. కరెంట్ అఫైర్స్‌కు కార్డులు తక్కువ రాయండి. పరీక్ష తేదీ ఎన్నిసార్లు వాయిదా పడుతుందో తెలియని చోట, ఏడాదిన్నర కిందటి నియామకాలన్నీ మోసుకుంటూ తిరగడం దండగ.

ఈ మొత్తం నడిచేది ఆదివారం మీద. రెండున్నర గంటలు తీసి పెట్టండి. మొదటి అరగంట, వారంలో తప్పిన కార్డులు, లీచ్‌లు తిరగరాయడం. తర్వాత గంటన్నర, వారం రోజులు రాత్రుళ్లు చదివిన పాఠాల నుంచి 90 కార్డులు రాయడం, కార్డుకు ఒక నిమిషం. చివరి అరగంట, రెండు మూడు ఆడియో ఫైళ్లు రికార్డు చేయడం. ఏ వారం ఈ ఆదివారం ఎగిరిపోతుందో, ఆ వచ్చే మంగళవారం నుంచి మెట్రోలో రీల్స్ మళ్లీ మొదలవుతాయి. కార్డులు అయిపోయిన చేతికి ఇంకేదో కావాలి మరి. పెళ్లికో ఊరికో వెళ్లి కార్డులు పేరుకుపోతే కంగారుపడి ఒక్క రోజులో నాలుగొందలు చేయకండి. కొత్తవి సున్నా చేసి రోజుకు 120 చొప్పున పాతవి తీర్చండి, తీరాక మళ్లీ పదితో మొదలుపెట్టండి.

సరిగ్గా నడుస్తోందా లేదా అన్నది యాప్ గణాంకాల్లో చూడొచ్చు. గుర్తున్న శాతం 85 నుంచి 92 మధ్య ఉంటే బాగున్నట్టే. 80 కిందకు పోతే కొత్తవి ఎక్కువయ్యాయి, లేదా కార్డులు సరిగా రాయలేదు. 97 దాటి కదలకుండా ఉంటే సులువైన కార్డులు రాసుకుని మురిసిపోతున్నారు. ఎన్ని గంటలు చదివానన్న లెక్క మాత్రం రాసుకోకండి. రైల్లో గంట, బల్ల దగ్గర గంట ఒకటి కావు.

బస్సులో వెళ్లేవాళ్లకు ఈ పద్ధతి కొంచెం మార్చాలి. బస్సు కుదుపుల్లో చదివితే కడుపులో తిప్పుతుంది, ఎందుకంటే లోచెవి కదులుతున్నామంటుంది, పేజీ మీదున్న కళ్లు కదలట్లేదంటాయి. చక్రాల మీదున్న సీట్లు వదిలి ముందు వరుసల్లో కూర్చోండి, కార్డులు సిగ్నళ్ల దగ్గర, మిగతాదంతా ఆడియో. బైక్ మీద వెళ్లేవాళ్లకు ఆ సమయం చదువుకు లేనట్టే. హెల్మెట్ కింద ఇయర్‌ఫోన్ పెట్టుకునే ఆలోచన మానేయండి. వాళ్లు లంచ్ తర్వాత పదిహేను నిమిషాలు, ఆఫీసుకు చేరగానే పార్కింగ్‌లో పది నిమిషాలు కేటాయించుకుంటే మేలు.

పరీక్షకు మూడు వారాల ముందు కొత్త కార్డులు పూర్తిగా ఆపేయండి. అప్పటి నుంచి కొత్తగా చేరేవి మాక్ టెస్టుల్లో తప్పిన ప్రశ్నలు మాత్రమే, అవి కూడా రోజుకు ఐదు మించకుండా. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోదానికి 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. అంతసేపు కదలకుండా కూర్చోవడం రైలు ముక్కల్లో అలవాటు కాదు కాబట్టి, ఆ మూడు వారాల్లో కనీసం రెండు ఆదివారాలు ఉదయం ఒక పేపర్, మధ్యాహ్నం ఒక పేపర్ చొప్పున ఓఎంఆర్ షీటు మీద బబ్లింగ్ చేస్తూ రాయండి. ఆ రోజుల్లో కార్డుల గడువు మీరితే మీరనివ్వండి.